బండియాగరా కొండగోడ

పశ్చిమాఫ్రికాలో సముద్రతీరం లేని మాలి దేశపు మధ్యభాగాన, నైరుతి నుంచి ఈశాన్యానికి దాదాపు 150 కి.మీ. సాగే ఇసుకరాతి కొండగోడ. కొన్నిచోట్ల ఎత్తు 500 మీటర్లకు చేరుతుంది. పైన రాతి పీఠభూమి, దిగువన సేనో ఇసుక మైదానం. ఇంకా ఈశాన్యాన ఉన్న హోంబోరి టోండో (1,155 మీ.) మాలిలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ, అదీ ఇసుకరాయే.

ఇక్కడి గుహల్లో తెలిసినంతలో తొలి కట్టడాలు క్రీ.పూ. 3-2 శతాబ్దాల నాటి తొలోయ్ ప్రజల మట్టి గాదెలు. తరువాతి వెయ్యేళ్ల సంగతి దాదాపు చీకటే.

క్రీ.శ. 11వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా తెల్లెం ప్రజలు ఈ గుహలను వాడుకున్నారు. నెదర్లాండ్స్ పరిశోధకులు 1960లలో సంగ తదితర గ్రామాల వద్ద జరిపిన తవ్వకాలే వారి గురించి మన పరిజ్ఞానానికి ఆధారం. తెల్లెంలు మృతులను నేలలో పూడ్చక, నిట్టనిలువు గోడలోని గుహలకు చేర్చేవారు. ఎండిన గాలి వల్ల వస్త్రాలు చెడిపోలేదు: నీలిమందు రంగు వేసిన నూలు బట్టలు, టోపీలు, ఉన్ని దుప్పట్లు, పక్కనే చెక్క తలదిండ్లు. సహారాకు దక్షిణాన ఇంత పాత నేతబట్టలు దొరకడం చాలా అరుదు. ఆ చేనేత పనితనం మెచ్చదగినది.

సుమారు 15వ శతాబ్దంలో వచ్చిన డోగాన్లు చరియ అడుగున, రాళ్ల మధ్య ఊళ్లు కట్టుకున్నారు. సజ్జలు దాచే మట్టి గాదెలకు కోసుగా గడ్డి కప్పు వేస్తారు. పెద్దలు కూర్చునే తొగునా సావడి కప్పు ఎంత కిందికి ఉంటుందంటే, తగవు ముదిరినా లోపల ఎవరూ నిలబడలేరు. పీఠభూమిపై చిన్న ఆనకట్టల నీటితో ఉల్లి పండిస్తారు.

1864లో తుకులోర్ పాలకుడు ఎల్ హజ్ ఉమర్ తాల్ ఈ కొండల్లోని దెగెంబెరె వద్ద మరణించాడు. 1893లో బండియాగరా పట్టణం ఫ్రెంచివారి వశమైంది.

1931లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి మానవశాస్త్రవేత్త మార్సెల్ గ్రియోల్, 1946లో ఒగోతెమ్మెలి అనే అంధ వృద్ధుడు చెప్పిన సృష్టిగాథలను 1948లో పుస్తకంగా తెచ్చాడు. ఆ పుస్తకంతో డోగాన్ల పేరు ప్రపంచానికి మరింతగా తెలిసింది. అందులోని విషయాలు డోగాన్లందరికీ తెలిసినవి కావని మానవశాస్త్రవేత్త వాల్టర్ వాన్ బీక్ 1991లో వాదించాడు.

యునెస్కో 1989లో ఈ ప్రాంతాన్ని ప్రకృతి, సంస్కృతి రెండింటి దృష్ట్యా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2012 తరువాత సాయుధ ఘర్షణలతో పర్యాటకం నిలిచిపోయింది; కొన్ని గ్రామాలు తగలబడ్డాయి, వేలమంది ఇళ్లు విడిచి వెళ్లారు.