గన్నవరం ఆకాశమూ, గ్రాఫిక్స్ కార్డూ

ఛందస్సు చెప్పుకొని బ్రతికిన పంతులుకు గ్రాఫిక్స్ కార్డుతో పనేమని బ్లాగ్మిత్రులు అడగవచ్చు. మా కంకిపాడుకు ఉత్తరాన, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైనికావసరాలకై వెలసిన గన్నవరం విమానాశ్రయమున్నది. అక్కడ లేచిన విమానానికి మా డెల్టా ఎట్లా కనబడుతుందోనన్న కుతూహలమే కారణం.

బ్రూస్ ఆర్ట్‌విక్ ఆపిల్ టూ కోసం రూపొందించిన తొలి ఫ్లైట్ సిమ్యులేటర్‌లో నేలంటే ఉత్త గీతలే. 1982లో మైక్రోసాఫ్ట్ దానిని ఐబీఎం పీసీకి తెచ్చింది. త్రీడీ కార్డుల ఊతం 1997లో గానీ అందలేదు.

అసలు చిక్కు 2006 నాటి ఎఫ్ఎస్ఎక్స్‌తో వచ్చింది. దాని భారం ప్రధానంగా ప్రాసెసర్ మీద. ఎంత ఖరీదైన కార్డు కొన్నా బొమ్మ కుంటుతూనే ఉండేది. చెట్లూ ఇళ్లూ మొలిపించే ఆటోజెన్‌నూ, రోడ్ల మీది వాహనాలనూ తగ్గిస్తేనే ఊపిరి పీల్చుకునేది. మావంటి పల్లపు సీమకు ఏటవాలు చూపులో నేలను స్పష్టపరచే అనిసోట్రోపిక్ ఫిల్టరింగ్ ముఖ్యం. పైగా దానికయ్యే ఖర్చు స్వల్పం. అయితే, స్పష్టమైనదేమిటి? ఒకే అచ్చు పదేపదే వేసిన అద్దకపు చీర! అది ఎవరి పొలమూ కాదు.

2020 కూర్పు ఉపగ్రహ చిత్రాలను అంతర్జాలం ద్వారా తెచ్చి పరచింది. మేఘాలూ నీడలూ కార్డును బాగా అలసట పెడతాయి. మనవడికి అవే కావాలి. నేను వాటిని తగ్గించి రిజల్యూషన్‌ను నిలుపుకుంటాను. అప్పుడు కాలువగట్టు గుర్తుపట్టవచ్చు. ఇళ్లను మాత్రం చిత్రాన్ని చూచి యంత్రమే ఊహించి కడుతుంది. పెంకుటింటి చూరు దానికింకా తెలియదు.