ధరణికోట శిల్పసమూహాలు – కూర్పు ఛాయాచిత్రం: ఒక పరిశీలన

ఒక్క చట్రంలో ఇమడని జనసమూహాన్ని చిత్రించవలసి వచ్చినప్పుడు ఛాయాగ్రాహకుడికి రెండు దారులున్నాయి. దూరంగా జరిగి అందరినీ ఇముడ్చుకోవడం మొదటిది. అప్పుడు ముఖాలు చుక్కలవుతాయి. దగ్గర నిలిచి సమూహాన్ని భాగాలుగా తీసి, అంచుకు అంచు కలిపి ఒకే పటంగా కూర్చడం రెండోది. పనోరమా అని పిలిచే ఈ రెండో పద్ధతి చరిత్రను సాధారణంగా పాశ్చాత్య నగరాల దృశ్యాలతో చెబుతారు. అయితే ధరణికోటను ఆనుకొని ఉన్న అమరావతి మహాచైత్యపు శిల్పాలకూ ఆ చరిత్రలో చోటుంది. 1860వ దశకంలో లండనులో ఆ శిల్పాల విడి ఛాయాచిత్రాలను కలిపి కూర్చే ప్రయత్నం జరిగింది. ఆ కూర్పు చూపినదేమిటో, మరుగుపరచినదేమిటో ఇక్కడ పరిశీలించవలసిన అంశం.

కూర్పు చిత్రం ఒక్క క్షణపు చిత్రం కాదు. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాల్లో వచ్చిన సర్కట్ కెమెరా తన ఇరుసుపై మెల్లగా తిరుగుతూ పొడవాటి ఫిల్ముపై బృందాన్ని చిత్రించేది. మనుషులను కెమెరా చుట్టూ విల్లులా నిలబెడితే పటంలో వరుస తిన్నగా కనిపించేది. కెమెరా అటు తిరిగేలోగా వెనుకనుంచి పరుగెత్తి రెండో కొసకు చేరిన కొంటె విద్యార్థి ఒకే పటంలో రెండుచోట్ల నవ్వుతూ ఉండేవాడు. విడి చిత్రాలను కంప్యూటరుతో కలిపే నేటి పద్ధతిలోనూ చిక్కు అదే. పక్కపక్క చిత్రాల్లో కొంత భాగం ఉమ్మడిగా ఉండాలి. ఆ ఉమ్మడి భాగంలో ఎవరైనా కదిలితే అతుకు దగ్గర సగం మనిషో, ఇద్దరైన ఒక మనిషో మిగులుతాడు. బ్రౌన్, లోవ్ పరిశోధకులు 2003లో ప్రకటించిన పద్ధతి చిత్రాల పోలికలను తానే గుర్తించి వరుస కుదురుస్తుంది, అతుకును కంటికి ఆననంతగా కలిపివేస్తుంది.

ఒకే వ్యక్తి ఒకే పటంలో రెండుసార్లు కనిపించడం ధరణికోట శిల్పులకు లోపం కాదు, కథనరీతి. ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న నాలాగిరి వృత్తఫలకంలో మదించిన ఏనుగు ఒకవైపు రాజగృహ వీధిలో జనాన్ని తొక్కుతూ వస్తుంది. మరోవైపు అదే ఏనుగు బుద్ధుని ముందు మోకరిల్లుతుంది. గవాక్షాల్లోంచి చూసేవారు, భయంతో పక్కవారిని పట్టుకొన్నవారు ఆ రెండు క్షణాల నడుమ ఒకే గుంపుగా ఉన్నారు. శిల్పి అక్కడ కాలాన్ని అతికాడు, అతుకును దాచలేదు.

ఫలకం చిన్నది, ప్రాకారం సంగతి వేరు. మహాచైత్యం చుట్టూ ఉన్న పల్నాటి సున్నపురాతి ప్రాకారం వ్యాసం సుమారు 192 అడుగులు, చుట్టుకొలత 600 అడుగులకు తక్కువ కాదు. స్తంభాలపై పరచిన ఉష్ణీషానికి వెలుపలి ముఖాన బరువైన పూలదండను భుజాన మోస్తున్న మనుషుల వరుస సాగుతుంది. ఈ వరుసను నిలబడిన చోటునుంచి పూర్తిగా చూడడం ఎవరికీ సాధ్యం కాదు. ప్రదక్షిణ చేసేవాడి కళ్లముందు అది భాగం తర్వాత భాగంగా విచ్చుకొంటుంది. ఒక రాతి అంచున వంపు తిరిగిన దండ పక్క రాతిపై కొనసాగుతుంది. రాళ్లను కలిపే ఉమ్మడి గుర్తు ఆ దండే.

ఆ వరుస చెదిరింది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతి నిర్మించిన కాలంలో దిబ్బను తవ్వి రాళ్లు తీశారు. 1797లో అక్కడికి వచ్చిన కాలిన్ మెకంజీ 1816లో తిరిగివచ్చి చిత్రకారులచేత రాళ్లను విడివిడిగా గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరాయి. 1858లో మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడు లిన్నేయస్ ట్రైప్ వాటిని చిత్రించాడు.

ట్రైప్ చేసిన రెండు పనులను పక్కపక్కన పెడితే విషయం స్పష్టమవుతుంది. అదే సంవత్సరం అతడు తంజావూరు బృహదీశ్వరాలయ విమానపు అధిష్ఠానంపై ఉన్న శాసనాలను ముక్కలుగా తీసి, 21 చిత్రాలను కలిపి సుమారు 19 అడుగుల పటం తయారుచేశాడు. అంటే కూర్పు అతనికి తెలియని విద్య కాదు. అయినా అమరావతి రాళ్లను విడి ముక్కలుగానే చూపాడు. తంజావూరు శాసనం గోడమీద తన వరుసలోనే ఉంది. అమరావతి రాళ్లు తమ వరుసను ధరణికోట దగ్గరే వదిలి వచ్చాయి. నేలమీద వరుస ఉంటేనే పటంలో కూర్పుకు ఆధారం ఉంటుంది.

ఆధారం లేకుండా కూర్చడానికి జేమ్స్ ఫెర్గూసన్ సాహసించాడు. 1859లో ఓడనెక్కి లండను చేరిన రాళ్లు ఫైఫ్ హౌస్ బండ్లశాలలో పడి ఉండగా అతని దృష్టికి వచ్చాయి. విలియం గ్రిగ్స్ వాటిని ఒకే ప్రమాణంలో ఛాయాచిత్రాలు తీయగా, ఫెర్గూసన్ ఆ చిత్రాలను బల్లమీద కలిపి, విడదీసి, మళ్లీ కలిపి ప్రాకార స్వరూపాన్ని ఊహించాడు. ఫలితం 1868 నాటి ‘ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్’ గ్రంథంలో కనిపిస్తుంది. ఆ శ్రమ చిన్నది కాదు. స్తంభం, సూచి, ఉష్ణీషం ఒకదానితో ఒకటి ఎలా పొసగుతాయో పాఠకలోకం చూసింది ఆ పటాల్లోనే. కానీ చైత్యపు అండం అడుగుభాగానికి తొడిగిన ఫలకాలను అతడు మరో లోపలి ప్రాకారంగా భావించాడు. అంచులు కుదిరినంత మాత్రాన స్థానం కుదిరినట్లు కాదని ఆ పొరపాటు చెబుతుంది.

అంతకన్నా సూక్ష్మమైన నష్టం మరొకటుంది. ప్రాకారం ఒక్కరి దానం కాదు. స్తంభం ఒకరిది, సూచి మరొకరిది, ఉష్ణీషపు రాయి ఇంకొకరిది; గృహపతులు, భిక్షువులు, భిక్షుణులు, వర్తకులు తమ తమ రాళ్లపై ప్రాకృతంలో పేర్లు చెక్కించుకొన్నారు. కాబట్టి రాతికీ రాతికీ నడుమ ఉన్న సందు చాలాచోట్ల కట్టడపు అతుకు మాత్రమే కాదు, ఒక దాతకూ మరొక దాతకూ మధ్య హద్దు కూడా. పూలదండ ఆ హద్దును దాటి సాగుతుంది, కానీ చెరపదు. మోసేవారు అందరూ ఒకే పోలికతో ఉంటారు. మోయించినవారు ఎవరికి వారే. శిల్పంలోని జనం, శాసనంలోని జనం అన్న రెండు సమూహాలు అక్కడ కలిసి ఉన్నాయి. అతుకు కనిపించని కూర్పులో మొదటి సమూహం నిండుగా కనిపిస్తుంది, రెండోది కరిగిపోతుంది. శిల్పచరిత్రకారులు మొదటిదాన్నే ఎక్కువగా చూడడానికి ఇటువంటి పటాల అలవాటు కూడా ఒక కారణం కావచ్చు.

చర్మకారుడు విధికుని శాసనం ఇందుకు తగిన ఉదాహరణ. పూర్ణఘట ఫలకాన్ని దానం చేస్తూ అతడు తన ఒక్కడి పేరుతో ఆగలేదు. తండ్రి నాగోపాధ్యాయుని పేరు చెప్పి, తల్లితో, భార్యతో, సోదరులతో, కొడుకు నాగునితో, కూతుళ్లతో, జ్ఞాతి మిత్ర బాంధవులతో కలిసి ఇచ్చినట్లు రాయించాడు. రాతిపై చెక్కిన బొమ్మ నిండుకుండ, మనుషులు లేరు. కుటుంబమంతా ఉన్నది శాసనపు అక్షరాల్లో, ఆ ఒక్క ఫలకపు అంచుల లోపల.