మెజెస్టిక్‌లో తెలుగు బొమ్మ

బెంగళూరులో బస్సెక్కి 'మెజెస్టిక్' అంటే చాలు, టికెట్టు ఇచ్చేస్తారు. అది ఒక సినిమా హాలు పేరన్న సంగతి కొత్తతరానికి అంతగా తెలియదు. హాలు పోయింది, పేరు పేటకు మిగిలింది. అక్కడి బస్టాండు కూడా ఒకనాటి ధర్మాంబుధి చెరువే.

ఆ పేటలో కెంపేగౌడ రోడ్డు పొడవునా సాగర్, స్టేట్స్, గీత, హిమాలయ, అలంకార్ ఉండేవి. గాంధీనగర్‌లో మూవీలాండ్. సుబేదార్ ఛత్రం రోడ్డులో 1968లో మొరార్జీ దేశాయ్ చేతులమీదుగా తెరుచుకున్న కపాలిలో పద్నాలుగు వందలకు పైగా సీట్లు, సినెరామా తెర.

పరాయి రాష్ట్రంలో తెలుగు సినిమా తెలుగులోనే ఎందుకు ఆడింది? తమిళనాట మన బొమ్మలు ఎన్నో తమిళ గొంతుతో వచ్చేవి. ఇక్కడ అలా జరగలేదు. 1960ల తొలినాళ్లలో అ.న. కృష్ణరావు వంటివారు నడిపిన కన్నడ ఉద్యమం డబ్బింగును అడ్డుకుంది. చట్టమేమీ లేదు, కట్టుబాటే. కన్నడం కోసం వాళ్లు వేసుకున్న కట్ట మన భాషకూ కాపయింది!

వాళ్ల బాధ అబద్ధం కాదు. సొంత రాజధానిలో కన్నడ చిత్రానికి హాలు దొరకని రోజులుండేవి. 2004లో పరభాషా చిత్రాలు ఏడు వారాలు ఆగి రావాలని కన్నడ ఫిలిం ఛాంబర్ పట్టుబట్టిందంటే, ఆ కోపం వెనుక అంత చరిత్ర ఉంది.

మా ఇంటి తెలుగు 'వస్తా ఉండాడు', 'ఏమి చేస్తివి' అనే బెంగళూరు తెలుగు. బడిలో కన్నడం, ఇంగ్లీషు. అక్షరం రాని మాబోటి పిల్లలకు గోదావరి యాస, పౌరాణికాల నిండు తెలుగు చెవిన పడింది ఆ చీకటి హాళ్లలోనే. 'మాయాబజార్'లో ఎస్.వి. రంగారావు పలికిన మాటలు సగం అర్థం కాకపోయినా నోటికొచ్చేవి. గ్రంథాలయాలు, సంఘాలు తమవంతు చేశాయి కానీ, నా లెక్కలో బెంచీ టికెట్టు చేసినంత చేయలేదు.

2015లో కాంపిటీషన్ కమిషన్ ఆ కట్టుబాటును తప్పుబట్టింది. 'బాహుబలి' ఆ ఏడు ఇక్కడ తెలుగులోనే ఆడింది. 2019లో 'సైరా' కన్నడంలోనూ వచ్చింది. కపాలి 2017లో మూతపడి నేలమట్టమైంది. ఆ స్థలాన్నే మన మహేష్‌బాబు భాగస్వామిగా ఉన్న ఎ.ఎం.బి. వారు మల్టీప్లెక్సుకు ఎంచుకున్నారు.

ఇప్పుడు ఒకే బొమ్మకు రెండు భాషల ఆటలుంటాయి. టికెట్లు తీసే పని మా మనవడిది. "తాతా, కన్నడానికే తీసినా, నాకు అదైతే బాగా అర్థమవుతుంది" అంటాడు.