తొమ్మిది ప్రమిదలు

హోసూరు ఫ్యాక్టరీలో నాతోపాటు షిఫ్టులు చేసిన మిత్రుడు రిటైరై ఊరికి పోతూ నాకొక చెక్కపలక ఇచ్చాడు. దాని మీద వరుసగా ఎనిమిది మట్టి ప్రమిదలు, పక్కన కాస్త ఎత్తులో తొమ్మిదోది. మట్టి పిసికింది ఆయనే. "హనుక్కాకు వెలిగించండన్నా" అన్నాడు.

ఆయనది గుంటూరు సీమ, చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం. అక్కడ తెలుగు మాట్లాడే యూదులున్నారంటే మొదట నేనూ నమ్మలేదు. బెనె ఎఫ్రాయీం అంటారు తమను. చెదిరిపోయిన ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయీం సంతతి తామేనని వారి విశ్వాసం. చరిత్రకు అందేది వేరు. వాళ్ళు మాదిగలు. 1876-78 కరువు వెనకాలే ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషను 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. వారిలో ఎక్కువమంది మాదిగలే. అలా పెరిగిన బాప్టిస్టు లోకంలోంచే యాకోబి సోదరులు వచ్చి 1991లో కొత్తరెడ్డిపాలెంలో సొంత ప్రార్థనా మందిరం పెట్టారు. ఊరి చివర బతుకు తప్ప చరిత్రే లేదనిపించుకున్నవాళ్ళు వేల ఏళ్ళ వంశాన్ని వెతుక్కుంటే, తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

హనుక్కా కథ కూడా అలాంటిదే. అంతియోకస్ రాజు యూదుల ఆచారాలను నిషేధించాడు. మక్కబీలు తిరగబడి క్రీ.పూ. 164లో జెరూసలేం ఆలయాన్ని శుద్ధి చేసి దీపం పెట్టారు. అందుకే ఎనిమిది రాత్రులు, రాత్రికొక దీపం పెంచుతూ పోతారు. ఎత్తు మీదిది లెక్కలోకి రాదు, మిగతావాటిని వెలిగించే సేవకదీపం. పండగ వాళ్ళ నెలలో ఇరవై అయిదో నాడు మొదలవుతుంది. మన లెక్కలో బహుళ దశమి ప్రాంతం, చీకటి రోజులే.

పలక కింద చీటీ అంటించి ఉంది. హీబ్రూ దీవెన, తెలుగు అక్షరాల్లో. పెద్దయ్యాక హీబ్రూ పట్టుకున్నవాళ్ళకు తెలుగు లిపే ఊతకర్ర.

పోయిన డిసెంబరులో మనవరాలిని చదవమన్నాను. ఇంట్లో గలగలా తెలుగే మాట్లాడుతుంది, చదవలేదు. 2006 నాటి తమిళ బోధన చట్టం ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై 2016కి పదో తరగతిని చేరింది. మా కృష్ణగిరి జిల్లా పిల్లల చేతుల్లోంచి తెలుగు వాచకం జారిపోతూ వచ్చింది. సరే, దీవెనను తమిళ లిపిలో రాసిచ్చాను. అందులో ప, బలకు ఒకటే అక్షరం కదా! "పరూక్" అని మొదలుపెట్టింది.

"పరూక్ కాదమ్మా, బరూఖ్."

"మరి ఇక్కడ అట్లనే ఉంది కదా తాతా!"

చీటీ తీసి ఆమె ముందు పెట్టాను. మొదటి అక్షరం మీద వేలుంచి "ఇది బ" అన్నాను. ఆమె పలక వెనక సుద్దముక్కతో మూడుసార్లు దిద్దింది. అప్పుడు నువ్వులనూనె పోశాను.