రాకెట్టు కొలతలు

1829 అక్టోబరులో రెయిన్‌హిల్ రైలుయంత్రముల పోటీలయందు విజయము గాంచిన స్టీఫెన్‌సనుల ‘రాకెట్’ యంత్రమును కాడ్ అను కంప్యూటరు రూపకల్పన పద్ధతిని తెరపై యథాతథముగా పునర్నిర్మింప దలచువాడు, యంత్రమే నేటికిని నిలిచియున్నది గదా, పోయి కొలిచినచో జాలునని భ్రమించుట సహజము. అయితే 1862లో లండనులోని మ్యూజియమునకు చేరినది పోటీనాటి రూపము కాదు. తొలుత సుమారు 38 డిగ్రీల వాలున అమరియుండిన సిలిండర్లు కొలదికాలములోనే దాదాపు అడ్డముగా దింపబడినవి, పొగపెట్టె పిమ్మట చేర్చబడినది.

కావున ఆ పోటీల న్యాయనిర్ణేతలలో నొకడగు జాన్ రాస్ట్రిక్ తన నోటుపుస్తకమున వ్రాసికొనిన వివరములు అమూల్యములు. సిలిండరు వ్యాసము 8 అంగుళములు, బాయిలరులో రాగిగొట్టములు 25, చోదకచక్రము 4 అడుగుల 8½ అంగుళములు. అయినను కొయ్యచక్రముపై ఇనుపపట్టా బిగించినపుడు, ఆ పట్టా అరిగినపుడు, వ్యాసము మారక మానదు.

1999లో పరిశోధకులు మైకేల్ బెయిలీ, జాన్ గ్లితరోలు యంత్రభాగములను విడదీసి, మార్పులు లోహముపై విడిచిన చిహ్నములను పరిశీలించిరి. కాగితములకంటె ఆ ఇనుమునే సాక్షిగా గైకొనిన వారి మార్గమే నాకు విశ్వసనీయము.