చుక్కకు ఎన్ని అంకెలు?

హైదరాబాదు పాతనగరమందలి ఫిసల్‌బండలో నవాబు జఫర్‌జంగ్ 1901లో ఒక వేధశాలను నెలకొల్పెను. ఆయన మరణానంతరము నిజాం ప్రభుత్వము దానిని స్వీకరించి బేగంపేటకు తరలించెను. ఆకాశమునంతను ఫోటో తీసి నక్షత్రపట్టికను కూర్చవలెనని 1887లో పారిస్ సభ నిర్ణయించియుండెను. అందు దక్షిణమున 17 నుండి 23 అంశల వరకు గల భాగము తరువాత హైదరాబాదు వంతుకు వచ్చెను.

ఫోటోపలకపై నక్షత్రము ఒక నల్లచుక్క. అది ఎచటనైన ఉండవచ్చును. పట్టికకు మాత్రము అంకె కావలెను. అందుకై పలకపై 5 మిల్లీమీటర్ల గడులు ముద్రించి, గీతనుండి చుక్క దూరమును సూక్ష్మదర్శినితో కొలిచెడివారు. పలకపై 1 మిల్లీమీటరు ఆకాశమున 1 కళ. గడిని వేయి భాగములు చేసినచో ఒక్కొక్కటి 0.3 వికల. మర త్రిప్పి ఇంకను సూక్ష్మముగా కొలువవచ్చును. కాని లక్షల చుక్కలకు మర త్రిప్పువాని వేళ్ల గతి ఏమి? ఆక్స్‌ఫర్డులో టర్నర్ కంటికటకమందలి గాజుస్కేలును చూచి చదువు పద్ధతినే ఎంచుకొనెను. పైగా గాలి చలనముచే చుక్క అంచు అలుకుకొనియుండును. అంతకు మించిన అంకెలు ఆ అలుకునే కొలుచును.

నేడు వోల్టేజీని అంకెలుగా మార్చు ఏ.డి.సి. చిప్‌ను ఎంచుకొనువానికిని ఇదే చిక్కు. వేయి భాగములకు 10 బిట్లు చాలును, అనగా 1024 మెట్లు. ఫ్లాష్ రకము ఒక్క క్షణములో చెప్పును, కాని 1023 పోలిక వలయములు కావలెను. సగమునకు సగము చేయుచు వెదకు రకమునకు ఒకే వలయము, 10 పోలికలు. వోల్ట్‌మీటరులోని రకము మందగొడి. అయినను విద్యుత్‌లైను రొదను సరాసరిలో అణచివేయును.