అభ్రకపు పొరలు - ఎలక్ట్రాను చుక్కలు

నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతములలో బండలు కొట్టు చోట ఎండకు తళుక్కుమను నల్లని రేకులు విద్యార్థులకు కొత్త కాదు. గ్రానైటులోని నల్ల అభ్రకమే అది. అభ్రకమును గోటితో పొరలుపొరలుగా ఊడదీయవచ్చును. ఈ గుణమే దానిని భౌతికశాస్త్ర చరిత్రలోనికి తెచ్చినది.

1927లో అమెరికాలో డేవిసన్, జెర్మర్ అనువారు నికెలు స్ఫటికముపై 54 వోల్టుల ఎలక్ట్రానులను ప్రయోగించగా, అవి 50 డిగ్రీల దిశలో మెండుగా వెలువడినవి. ఎలక్ట్రాను తరంగము కూడ అని రుజువైనది. మరుసటి ఏడు జపానులో నిషికావా, కికుచి అభ్రకపు రేకును ఎన్నుకొనిరి. ఎలక్ట్రానులు దళసరి వస్తువును దాటలేవు. అభ్రకమో, చీల్చిన కొలది పలుచనగును. ఫలకముపై చుక్కలే గాక, నలుపు తెలుపుల జంట గీతలు కూడ పడినవి. నేటికిని వానిని కికుచి గీతలనియే అందురు.

చుక్కల స్థానములను లెక్కించుట సులభము. పరమాణు వరుసల ఎడము తగ్గిన కొలది చుక్కల ఎడము పెరుగును. చిక్కంతయు వాని కాంతిలో నున్నది. ఎక్స్‌కిరణము చిన్న స్ఫటికములో చాలవరకు ఒక్కమారే చెదరి బయటపడును. ఎలక్ట్రాను అట్లు కాదు. బయటపడు లోగా పలుమార్లు చెదరును. అందుచే సౌష్ఠవ నియమము వలదన్న చోట కూడ చుక్క కానవచ్చును. దానిని అమాయకముగా నమ్మినవాడు పరమాణువుల అమరికనే తప్పుగా చెప్పును. (సౌష్ఠవ గణితమును స్ఫటిక ధర్మములకు అన్వయించిన తెలుగువారు సూరి భగవంతము, 1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయపు వైస్ ఛాన్సలరు వారే.) పైగా ఫలకము తరంగపు బలమునే గాని దశను పట్టియుంచదు. కనుక ముందొక అమరికను ఊహించి, దాని చుక్కలెట్లుండవలెనో లెక్కగట్టి, ఫొటోతో పోల్చిచూడవలసి వచ్చెను.

ఇందుకు సిద్ధాంతమును హాన్స్ బేతే 1928లోనే చెప్పెను. కాని అనేక కిరణములను కలిపి చేతితో లెక్కించుట ఎవరి తరము? 1957లో ఆస్ట్రేలియాలో కౌలీ, మూడీ వేరొక త్రోవ చూపిరి. స్ఫటికమును ఊహలోనే పలుచని పొరలుగా కోయవలెను. తరంగము ఒక పొరలో దశ మార్చుకొని, తరువాతి పొర వరకు నడచి, మరల దశ మార్చుకొనును. అభ్రకపు పొరలను ఒక్కొక్కటే దాటినట్లన్నమాట! విసుగెరుగని కంప్యూటరుకు తగిన పని ఇది. 1965లో కూలీ, టూకీ ఫోరియర్ లెక్కకు శీఘ్రమార్గము ప్రకటించగా, 1977లో ఇషిజుకా, ఉయేదా దానిని పొరల లెక్కకు జోడించిరి. 1987లో స్టాడెల్‌మన్ ఇట్టి లెక్కలు చేయు సాఫ్ట్‌వేరును ప్రకటించెను.

నేడు సామాన్యపు కంప్యూటరుపై చిన్న స్ఫటికపు లెక్క కొద్ది క్షణములలో తేలును. అయినను పొరల సంఖ్య మార్చిన కాంతి మారిపోవును. ప్రకాశించిన చుక్క మసకబారును. స్ఫటికపు మందము తెలియనిదే ఫొటోను, లెక్కను పోల్చుట కుదరదు.